పేరు మనది, స్పెల్లింగు ఎవరిది?

రమ అన్న పేరును ఇంగ్లీషులో నాలుగక్షరాల్లో రాస్తాం. రామ అన్నా సరిగ్గా ఆ నాలుగక్షరాలే. అలా రాసిపెట్టుకున్న పేరును ఏ కంప్యూటరో తిరిగి తెలుగులోకి మార్చినప్పుడు రమగారు రాముడైపోవడానికి ఎంతోసేపు పట్టదు. సరళ 'సరలా' అవుతుంది, మణి 'మని' అవుతుంది, రవళి 'రావలి' అవుతుంది. ఇదేమిటని అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే: "పోనిద్దురూ, అర్థమవుతోందిగా!" పేరు దగ్గర పట్టుబట్టేవాళ్లను చాదస్తులుగా చూడటం మనకు అలవాటైపోయింది. నిజానికి ఈ చిరాకుకు కారణం వాళ్ల స్వభావం కాదు, మన కాగితాల తీరు. తెలుగు పేరుకు తెలుగు రూపం అసలు, ఇంగ్లీషు స్పెల్లింగు దానికి నకలు. మన కార్యాలయాలు నకలును అసలుగా కూర్చోబెట్టి, అసలును దానిలోంచి తయారు చేస్తున్నాయి. పైగా తప్పు దొర్లితే దిద్దుకునే భారం పేరుగలవారి మీదే మోపుతున్నాయి. ఈ రెండూ మారనంతకాలం ఎవరు ఎంత జాగ్రత్తపడినా పేరు తంటాలు తీరవు.

ముందు లిపి సంగతి చూద్దాం. ఇరవయ్యారు అక్షరాల్లో తెలుగు ధ్వనులన్నీ ఇమడవు. త, ట రెండింటికీ ఒకటే అక్షరం. ల, ళ అంతే, న, ణ అంతే. హ్రస్వమో దీర్ఘమో చెప్పే ఏర్పాటు లేదు. పండితులు దీనికి మార్గాలు కనిపెట్టకపోలేదు. 19వ శతాబ్దంలో విలియం విల్సన్ హంటర్ పేరుమీద ఒక పద్ధతి వచ్చింది. 2001లో ఐఎస్ఓ 15919 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అక్షరం కింద చుక్క, పైన గీత పెట్టి ప్రతి ధ్వనినీ విడిగా చూపించే పద్ధతి అది. అయితే ఏ దరఖాస్తు ఫారమూ ఆ చుక్కల్ని, గీతల్ని పుచ్చుకోదు. అందుకని ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. 'త'ను చూపడానికి దక్షిణాదిన టీ పక్కన హెచ్ చేర్చడం ఆనవాయితీ. లత పేరును అలా రాస్తే హైదరాబాదులో 'లత' అనే చదువుతారు, ఢిల్లీలో 'లథ' అంటారు. హెచ్ తీసేస్తే ఢిల్లీలో సరిపోతుంది, మనవాళ్లు 'లట' అని చదివే ప్రమాదముంది. లక్ష్మిలోని 'క్ష'ను ఎక్స్‌తో రాసేవారున్నారు, మూడక్షరాలు కలిపి రాసేవారున్నారు. శ్రీనివాస్‌లోని 'శ్రీ' ఒక్కదానికే నాలుగైదు రూపాలు కనిపిస్తాయి. వీటిలో ఏదీ తప్పు కాదు, ఏదీ పూర్తిగా ఒప్పూ కాదు. ఇలాంటిచోట ఒకే ఒక్క స్పెల్లింగు మాత్రమే నిజమని పట్టుబట్టే వ్యవస్థను నిలబెట్టాం.

ఆ ఒక్క స్పెల్లింగును చాలామంది విషయంలో నిర్ణయించేది తల్లిదండ్రులు కారు, వాళ్లూ కారు. బడిలో చేర్చేటప్పుడు ఎవరో రిజిస్టరులో రాసుకుంటారు. పదో తరగతి పరీక్షలకు బడి పంపే నామినల్ రోల్‌లోకి అదే ఎక్కుతుంది. అక్కడినుంచి టెన్త్ మెమోలోకి, దాన్నిబట్టి ఇంటర్ మెమోలోకి, డిగ్రీ పట్టాలోకి, ఉద్యోగంలోకి వెళుతుంది. ఆధార్ కేంద్రంలో ఇంకొకరు ఇంకో స్పెల్లింగు కొడతారు. దాన్నిబట్టి తెలుగు అక్షరాలను సాఫ్ట్‌వేర్ తనంతట తానే నింపుతుంది, దిద్దించుకునే తీరిక వరుసలో నిలబడ్డవారికి ఉండదు. చాలా ఏళ్లు ఈ తేడాలు ఎవరికీ అడ్డురాలేదు. కాగితాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టడం మొదలయ్యాకే అడ్డొచ్చాయి. ఆదాయపు పన్ను చట్టంలో 2017లో చేర్చిన నిబంధన ప్రకారం పాన్‌ను ఆధార్‌తో జోడించాలి. 2023 జూన్ 30 నాటికి జోడించుకోని పాన్‌లు ఆ మర్నాటినుంచి పనిచేయడం మానేశాయి. ఆలస్యానికి వెయ్యి రూపాయల రుసుము కట్టాల్సి వచ్చింది. రెండు కార్డుల్లో పేరు బొత్తిగా కలవనివారు ముందు పేరు సరిచేయించుకోవాలి. ఆధార్‌లోనేమో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోనిస్తారు. పీఎఫ్ డబ్బు తీసుకోవాలన్నా, విదేశీ చదువుకు సర్టిఫికెట్లు పంపాలన్నా ఇదే గొడవ. ఆ పేరూ ఈ పేరూ ఒక్కరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించడం, మీసేవ చుట్టూ తిరగడం, పత్రికలో ప్రకటన వేయించడం అన్నీ పేరుగలవారి పనులే. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఈ బాధ రెట్టింపు. తప్పు రాసినవారికి మాత్రం ఖర్చు లేదు, పోయే రోజూ లేదు.

స్పెల్లింగు తర్వాత రెండో చిక్కు వరుసది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు చివర. పాశ్చాత్య ఫారాలకు ఇది తలకిందులు. మనం ఇంటిపేరును ఒకటి రెండు పొడి అక్షరాలుగా కుదిస్తాం కాబట్టి గందరగోళం ఇంకా పెరుగుతుంది. మనకు పి.వి. సింధుగా తెలిసిన క్రీడాకారిణి ప్రపంచ బ్యాడ్మింటన్ స్కోరు బోర్డు మీద 'పూసర్ల వి. సింధు'. ప్రపంచ చదరంగ సమాఖ్య జాబితాలో కోనేరు హంపికి ఇంటిపేరు దాని స్థానంలోనే ఉంది. ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణల విషయంలో మాత్రం పెట్టిన పేరే ఇంటిపేరు స్థానంలోకి వెళ్లింది. ఒకే భాష, ఒకే ఆట, ఒకే జాబితా అయినా వరుసలు రెండు. సామాన్యులకు ఇది ఆసక్తికరమైన విశేషంగా మిగలదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద, ఉన్న పేరంతా ఇంటిపేరైపోతుంది, పెట్టిన పేరు గడిలో 'తెలియదు' అని అర్థమిచ్చే మూడు పొడి అక్షరాలు చేరతాయి. పాస్‌పోర్టులో ఒకే మాట పేరుగా ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ నిబంధన తెచ్చింది. కరీంనగర్, నిజామాబాద్ వైపునుంచి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలకు అది చిన్న సంగతి కాదు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే గీతలో పేరుకు కేటాయించిన చోటు 39 అక్షరాలు. ఇంటిపేరు, దేవుడి పేరు, తాతగారి పేరు, పిలుపు పేరు అన్నీ కలిసిన తెలుగు పేరు అందులో పట్టక తోక తెగుతుంది. మన పేర్లలో తోకలో ఉండేదే పిలిచే పేరు. మిగిలిన మొదటి మాటను పట్టుకుని విదేశాల్లోవాళ్లు పిలవడం మొదలుపెడితే ఒకే ఆఫీసులో అందరూ 'వెంకట'లే అవుతారు.

పలకడంలో పొరపాటు కాగితం తప్పంత ఖరీదైంది కాకపోవచ్చు, కానీ దాని ప్రభావం ఊహ మాత్రం కాదు. సైమన్ లహామ్, పీటర్ కోవల్, ఆడమ్ ఆల్టర్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, పలకడానికి తేలికైన పేరున్నవారిపట్ల మనుషులు ఎక్కువ సానుకూలంగా ఉంటారని తేలింది. పేరు కొత్తదా పరాయిదా అన్నదానికంటే నోరు తిరుగుతుందా లేదా అన్నదే అక్కడ పనిచేసింది. అదే ఏడాది రీటా కోహ్లీ, డేనియల్ సొలోర్జానో అమెరికా బడుల మీద రాసిన అధ్యయనం మరో పార్శ్వాన్ని చూపింది. ఉపాధ్యాయులు పేరును పదేపదే తప్పుగా పలికినా, 'ఇంకేదైనా పేరు పెట్టుకో' అన్నా ఆ పిల్లలు తమ పేరునూ, దాని వెనకున్న ఇంటినీ చూసుకుని సిగ్గుపడటం మొదలుపెడతారు. హాజరు పట్టీ పిలిచే వేళ ప్రతి ఉదయం వస్తుంది కాబట్టి ఆ సిగ్గు రోజూ తాజాగానే ఉంటుంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే: పేర్లు భాష దాటితే రూపు మారడం సహజం కదా, మనం మాత్రం పరాయి పేర్లను సరిగ్గా పలుకుతున్నామా? పలకడం లేదు, పలకాల్సిన అవసరమూ అంతగా లేదు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరై 1827లో పత్తికొండలో కన్నుమూసిన థామస్ మన్రో మీది అభిమానంతో రాయలసీమలో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు చెవికి అది వక్రంగానే వినిపిస్తుంది, అయినా దాన్ని అవమానమనే మాట ఎవరికీ తోచదు. మైక్రోసాఫ్ట్ అధినేత సత్య నాదెళ్ల ఇంటిపేరులోని 'ళ్ల' అమెరికన్ల నాలుక మీద పలకదు, అందులో వాళ్ల తప్పూ లేదు. నోరు తిరగకపోవడం వేరు, లక్ష్యపెట్టకపోవడం వేరు. 2020 అక్టోబరులో అమెరికాలోని జార్జియాలో ఒక ఎన్నికల సభలో సెనేటర్ డేవిడ్ పర్డ్యూ, మూడేళ్లకు పైగా తనతో కలిసి సెనేట్‌లో ఉన్న కమలా హారిస్ పేరును ముక్కలు చేసి, చివరికి ఏదైతేనేం అన్నట్టు వదిలేశారు. అది నోరు జారడమేనని ఆయన తరఫువారు అన్నారు. కమల అన్న పేరులో ఇంగ్లీషు నాలుకకు కొరుకుడుపడని ధ్వని ఒక్కటీ లేదు కనుకనే ఆ సంజాయిషీని చాలామంది నమ్మలేదు. యాసను క్షమించవచ్చు. అడిగి తెలుసుకోకపోవడాన్ని క్షమించమనడం ఎక్కువ.

రెండో అభ్యంతరం ఇంట్లోంచే వస్తుంది: అంత కష్టమైన పేరెందుకు, తేలికైనది పెట్టుకోవచ్చుగా? తేలిక ఎవరికన్నది ముందు తేలాలి. రమ, లత కంటే తేలికైన పేర్లు తెలుగులో ఏమున్నాయి? అవే అన్నిటికంటే ముందు దెబ్బతింటున్నాయి. రూపు మార్చుకోవడమే నేరమనీ అనలేం. ఛాంపియన్ అన్న మాటలోంచి కూతురికి 'హంపి' అని పేరు పెట్టిన తండ్రి, తర్వాత రష్యన్ పేరులా కనబడాలని ఇంగ్లీషు స్పెల్లింగు మార్చారు. అది ఇష్టపడి చేసుకున్న ఎంపిక. సంఖ్యాశాస్త్రం చెప్పిందని పేరులో అదనపు అక్షరాలు ఇరికించుకునేవారూ తమ ఇష్టంతోనే చేస్తున్నారు. కాకపోతే ఆ మార్పును అన్ని కాగితాల్లోనూ చేయించుకోకుండా సగంలో వదిలేసి, తర్వాత కార్యాలయాలను తిట్టడం న్యాయం కాదు.

మూడో అభ్యంతరం అధికారులది: దేశమంతటికీ ఒకే వ్యవస్థ కావాలంటే ఒకే లిపి, ఒకే స్పెల్లింగు తప్పవు. ఒక స్థిరమైన ఇంగ్లీషు రూపం కావాలన్నది నిజమే. అది మాత్రమే కావాలన్నది నిజం కాదు. కంప్యూటరు అక్షరాల అంతర్జాతీయ ప్రమాణం యూనికోడ్‌లో 1991 నాటి తొలి కూర్పునుంచే తెలుగు ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాలు కూడా పాస్‌పోర్టు మీద సొంత లిపిలో పేరు రాసుకోనిస్తాయి, పక్కన రోమన్ రూపం ఉంటే చాలంటాయి. ఇప్పుడు మంచి అవకాశమూ వచ్చింది. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టిన ఏడాదిలోపు బిడ్డ పేరును రుసుము లేకుండా అందులో చేర్పించవచ్చు. ఆ పత్రంలో తెలుగు పేరును తెలుగులోనే సరిచూసి ఎక్కించి, తల్లిదండ్రులు ఎంచుకున్న ఒకే ఇంగ్లీషు రూపాన్ని పక్కన రాసి, తర్వాతి కాగితాలన్నీ ఆ రెండింటినీ యథాతథంగా తీసుకుంటే నామినల్ రోల్ రాసేవారి ఊహతో పనుండదు.

ఈ న్యాయం మనకొక్కరికే అడిగితే చెల్లదు. ఉర్దూ పేర్లలోని కొన్ని ధ్వనులకు తెలుగులో అక్షరాలు లేవు. మన రిజిస్టర్లలో, ఓటర్ల జాబితాల్లో ఆ పేర్లు నలిగిపోతున్న తీరు ఇంగ్లీషులో మన పేర్లు నలిగే తీరుకు ఏమీ తీసిపోదు. ఒడిశా, బీహార్‌లనుంచి పనికి వచ్చినవారి పేర్లను హాజరు పుస్తకంలో మనకు వినబడ్డట్టు రాసేసుకుంటున్నాం. పలకడం రానిచోట అడగడం, రాసినదాన్ని ఒకసారి చదివి వినిపించడం రాసేవారి బాధ్యత అని ఒప్పుకుంటే, అది తెలుగు గుమాస్తాకూ వర్తిస్తుంది. రాసేవారి చేతిలో జరిగిన తప్పును రుసుము లేకుండా దిద్దాలి, ఆ దిద్దుబాటును ఆధార్ ఇచ్చే జీవితకాలపు రెండు అవకాశాల్లో లెక్కవేయకూడదు. పేరుగలవారి వంతుగా మిగిలేది ఒక్కటే: ఏదో ఒక స్పెల్లింగును ఎంచుకుని దానికి కట్టుబడి ఉండటం. ప్రస్తుతం ఆ ఎంపిక ఒక్కటి తప్ప మిగతా శ్రమంతా వాళ్ల నెత్తినే ఉంది.