మత్తుమందు - వంశగుణము

ఒకే యింట ఒకే వంట తినుచుండు తోడికోడండ్రిద్దఱు ఒకే జలుబు మాత్రను మ్రింగినప్పుడు, ఒకామె యథాప్రకారము పని చక్కబెట్టుకొనుటయు, వేఱొకామె పట్టపగలే కునుకుపాట్లు పడుటయు సోదరీమణులు పెక్కుమాఱులు చూచియే యుందురు. "ఆమె ఒంటికి పడలేదు" అని మనము సరిపెట్టుకొందుము. ఈ పడకపోవుట కొన్నియెడల తలిదండ్రుల నుండి సంక్రమించిన గుణమనియు, దానిని ముందుగా నెఱిగినచో ప్రాణాపాయము తప్పుననియు మా యింట జరిగిన సంగతి వలన మాకు తెలియవచ్చినది. దానినే యిచ్చట విన్నవించుచున్నాము.

1988వ సంవత్సరమున మా పెద్దమ్మగారికి ఒక పట్టణపు ఆసుపత్రిలో అపెండిక్సు తీసివేసిరి. శస్త్రచికిత్స ముప్పావుగంటలో ముగిసెను గాని, ఆమెకు ఊపిరి రాదాయెను. వైద్యులు రబ్బరు సంచిని చేతితో నొక్కుచు నాలుగు గంటలపాటు ఊపిరి నందించిరి. తలుపు వెలుపల మేమందఱము దేవుళ్లకు మ్రొక్కుకొనుచు కూర్చుంటిమి. ఆమె కోలుకొని పలికిన మొదటి మాట మాకు నేటికిని మఱపురాదు. "అక్కడివారు నన్ను గూర్చి యనుకొన్నవన్నియు వినబడుచునే యుండెనే చెల్లీ, చిటికెనవ్రేలైనను కదల్పలేకపోతిని" అని మా తల్లిగారి చేయి పట్టుకొని యేడ్చెను. మత్తు ఎక్కువైనదని ఆసుపత్రివారు చెప్పిరి. ఇంటికి రాగానే ఉప్పును మిరపకాయలును త్రిప్పి దిష్టి తీసితిమి. వారు కాగితమేదియు వ్రాసి యీయలేదు, మేమును అడుగలేదు.

ఎక్కువైనది మత్తు కాదు. శస్త్రచికిత్సకు ముందు గొంతులోనికి గొట్టము దింపుటకై కండరములు సడలవలెను. అందులకు నిద్రమందుతో పాటు సక్సినైల్‌కోలిన్ అను మందును సూదిద్వారా ఎక్కింతురు. మన ఆసుపత్రులలో దానిని స్కోలిన్ అందురు. నిమిషములోపల అది కండరములను, ఊపిరి యాడించు కండరములతో సహా, కదలకుండ జేయును. మన కాలేయము తయారుచేసి రక్తములోనికి పంపు బ్యుటిరిల్‌కోలినెస్టరేసు అను ఎంజైము ఈ మందును వెంటనే విఱుగగొట్టును. ఎక్కించిన మందులో పెద్దపాలు కండరములను చేరకముందే నశించునంత చుఱుకుదనము దానిది. కావుననే పది నిమిషములలోపల సామాన్యముగా ఊపిరి తిరిగివచ్చును. ఆ ఎంజైము లేనివారికి మాత్రము అదే మోతాదు గంటల తరబడి నిలిచిపోవును. స్కోలిన్ తెలివిని హరింపదు. అది నిద్రమందు చేయు పని. నిద్రమందు ముందుగా దిగిపోయినది, స్కోలిన్ దిగలేదు. మా పెద్దమ్మగారు విన్న మాటలకు ఇదియే కారణము.

ఈ మందు 1951 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. కొలది యేండ్లలోనే ఇట్టి రోగులు అక్కడక్కడ కనబడసాగిరి. కెనడాలోని టొరంటో నగరమున పనిచేసిన వెర్నర్ కాలో అను శాస్త్రజ్ఞుడు 1957లో రక్తపరీక్ష యొకటి కనిపెట్టి, ఈ లోపము కుటుంబములలో వంశానుగతముగా వచ్చునని చూపెను. ఎంజైమును తయారుచేయు జన్యువు ప్రతివారికిని తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి లభించును. ఒక్కటి చెడినను రెండవది చాలవఱకు పని నడుపును. తలిదండ్రులిద్దఱును చెఱియొక చెడిన ప్రతి గలవారైనచో, పుట్టబోవు ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు అవకాశమున రెండును చెడినవే రావచ్చును. మేనరికములలో ఈ అవకాశము హెచ్చు. మా తాతగారిదియు అమ్మమ్మగారిదియు మేనరికమే.

ఇచ్చట మఱియొక సంగతి దాచక చెప్పవలెను. మాది ఆర్యవైశ్య కుటుంబము. తరతరములుగా తమలో తామే వియ్యమందుచు వచ్చిన మా వారిలో ఈ లోపము ఇతరులలో కంటె చాల ఎక్కువగా నున్నది. ఎంజైములో 307వ స్థానమున లూసీను ఉండవలసిన చోట ప్రోలీను వచ్చి చేరుటయే ఇందులకు కారణమని 2006లో ప్రకటితమైనది. ఇందు సిగ్గుపడవలసినది లేదు. 2017లో హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును అమెరికావారును కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయములను పరిశీలింపగా, 81 సముదాయములు ఇట్లే కొలదిమంది పూర్వులనుండి విస్తరించినవని తేలినది. ఒక్కొక్కరికి ఒక్కొక్క లోపము. పైగా ఇది రోగము కాదు. స్కోలిన్ తగులనంతవఱకు నూఱేండ్లు బ్రదికినను ఈ లోపము బయటపడదు.

2014లో మా తల్లిగారికి పిత్తాశయములోని రాళ్లకై శస్త్రచికిత్స నిశ్చయమైనది. మత్తు ఇచ్చు వైద్యురాలు ముందునాటి సాయంకాలము వచ్చి, "అమ్మా, మీ రక్తసంబంధులలో ఎవరికైనను మత్తు ఇచ్చినప్పుడు కష్టము కలిగినదా?" అని యడిగెను. మా తల్లిగారు లేదనియే తల యూపిరి. ఆమె వ్రాసికొని వెడలబోవుచుండగా, "మా అక్కయ్యకు దిష్టి తగిలి ఊపిరి రాలేదు గాని, అది మత్తు వలన కాదమ్మా" అని యూరక యనిరి. వైద్యురాలు వెనుకకు వచ్చి కూర్చుండెను. శస్త్రచికిత్స రెండు దినములు వాయిదా పడినది. రక్తపరీక్షలో మా తల్లిగారికిని ఆ ఎంజైము రమారమి శూన్యమని తేలినది. స్కోలినుకు బదులు రోకురోనియం అను వేఱు మందు వాడిరి. సకాలమున ఊపిరి వచ్చినది. దిష్టి మాట వచ్చియుండనిచో ఏమగునో తలచుకొనుటకైనను మాకు ధైర్యము చాలదు.

ఇతర మందుల సంగతియు ఇట్టిదే. క్షయకు ఇచ్చు ఐసోనియాజిడును కొందఱి కాలేయము త్వరగాను, కొందఱిది మెల్లగాను మార్చును. మన దేశములో మెల్లగా మార్చువారే అధికము. వారికి అఱికాళ్లు తిమ్మిరులు పట్టుట ఎక్కువ గనుక దానితో బి6 విటమిను మాత్రయు ఇత్తురు. దానిని అనవసరమని పాఱవేయు ఇల్లాండ్రను మే మెఱుగుదుము. మలేరియాకు వాడు ప్రైమాక్విను జి6పిడి అను ఎంజైము తక్కువైనవారి ఎఱ్ఱ రక్తకణములను పగులగొట్టి మూత్రమును నల్లబఱచును.

స్కోలిన్ విషయమున కావలసిన రక్తపరీక్ష దుర్లభమైనది కాదు. పురుగులమందు త్రాగినవారికి చేయు కోలినెస్టరేసు పరీక్షయే యిది. గర్భిణులలో ఈ ఎంజైము సహజముగానే కొంత తగ్గును. కాన్పు శస్త్రచికిత్స అకస్మాత్తుగా వచ్చునది గనుక, కుటుంబములో ఇట్టి చరిత్ర యున్నవారు నెలలు నిండకముందే వైద్యులతో చెప్పుట యుక్తము. మానసిక రోగులకు విద్యుచ్చికిత్స చేయునప్పుడును స్కోలిన్ వాడుదురు. మివాక్యూరియం అను మందును ఈ ఎంజైమే విఱుచును గావున, అదియు వీరికి తగదు. పొరబాటున మందు తగిలినను, వెంటిలేటరుపై నుంచి నిద్రమందు కొనసాగించినచో ఊపిరి దానంతట వచ్చును.

వైద్యురాలు వ్రాసి యిచ్చిన కాగితమును మా తల్లిగారు పద్దుల పుస్తకపు అట్టలో అంటించి, నకళ్లు తీయించి అక్కచెల్లెండ్రకును అన్నదమ్ములకును పంపిరి. మా అక్కగారును మేమును పరీక్ష చేయించుకొంటిమి. మాకు ఒక్క ప్రతియే చెడినది. మా తమ్ముడు మాత్రము తనకు ఏ శస్త్రచికిత్సయు అక్కఱలేదని నవ్వుచు ఇంకను వాయిదా వేయుచున్నాడు.