గర్భనిరోధ మాత్ర – యువతుల కండబలము

2007లో కోలారునుండి విడివడిన చిక్కబళ్లాపురము జిల్లాలోని గుడిబండె పూర్వము మైసూరు సంస్థానములోనిది. 1930లోనే ప్రభుత్వ పక్షమున సంతాన నిరోధ చికిత్సాలయములు తెరపించిన సంస్థానమది. హార్మోను మాత్ర అప్పటికి పుట్టలేదు; గర్భనిరోధమునకై అమెరికాలో దానికి 1960లో అనుమతి లభించినది. నేడు బరువులెత్తు వ్యాయామము చేయు యువతుల సందేహము వేరు: మాత్ర కండను పెరుగనీయదా?

సందేహము నిరాధారము కాదు. మాత్రలోని ఈస్ట్రోజను ప్రభావమున కాలేయము ఒకానొక ప్రోటీనును హెచ్చుగా విడుచును. అది టెస్టోస్టిరానును బంధించుటచే రక్తమున స్వేచ్ఛగా తిరుగు భాగము తగ్గును. 2009లో టెక్సాసు ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 మొదలు 31 ఏండ్ల స్త్రీలచే 10 వారములు వ్యాయామము చేయించిరి. కొవ్వు మినహా దేహభారము మాత్ర వాడనివారికి 3.5 శాతము, వాడినవారికి 2.1 శాతము మాత్రమే పెరిగినది. భయము వ్యాపించుట కీయంకెలు చాలును.

అయితే ఆ భారమంతయు కండ కాదు. అందు నీరును కలదు. పెక్కు పరిశోధనలను జోడించి పరిశీలించిన 2024 నాటి సమీక్షలో కండ పెరుగుదలయందుగాని, బలమునందుగాని హార్మోను గర్భనిరోధకములవలన చెప్పుకోదగిన భేదము కానరాలేదు. మాత్రలన్నియు నొకటి కావు. వానిలోని ప్రొజెస్టిను రకములు వేరు. కండకొరకై వైద్యుని అడుగక మాత్ర మానిన యువతికి కలుగు లాభము సందిగ్ధము, కోరని గర్భము మాత్రము సంభవమే.