అసలు భద్రం... ఆ తర్వాతే అలంకారం!

ఉగాది వేడుకలైనా, పిల్లల అరంగేట్రమైనా, ఇండియా ప్రయాణమైనా ఇంటికి చేరేసరికి మన ఫోన్లలో, కెమెరాల్లో వందలకొద్దీ ఫోటోలు! వాటిలో ఎన్నింటిని మళ్ళీ తెరిచి చూస్తున్నాం? "ఫోటోషాప్ నేర్చుకోవాలండీ, టైమే దొరకడం లేదు" అని మిత్రులు తరచూ నాతో అంటుంటారు. నిజానికి ముందు నేర్చుకోవలసింది సాఫ్ట్‌వేర్ కాదు, పని చేసే వరస.

నేను వృత్తిరీత్యా కంప్యూటర్ కన్సల్టెంట్‌ని. అసలు డేటా జోలికి పోకూడదు, ప్రయోగాలన్నీ కాపీ మీదే చేయాలి అన్నది మా రంగంలో మొదటి పాఠం. పోయిన వేసవిలో అమ్మ అమెరికా వస్తూ తన పాత ఆల్బం తెచ్చింది. దాన్ని నేనూ, మా అమ్మాయీ కలిసి స్కాన్ చేసినప్పుడు పాటించిన వరస ఇది.

మొదటి మెట్టు: దాచడం

కెమెరా కార్డులోని ఫోటోలను కంప్యూటర్‌లోకీ, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకీ కాపీ చేయండి. రెండుచోట్లా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. ఫోల్డర్‌కు "2025-03-30 ఉగాది" అని తేదీ ముందు వచ్చేలా పేరు పెడితే అన్నీ కాలక్రమంలో వాటంతటవే సర్దుకుంటాయి. పాత ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేసి, టిఫ్ ఫైళ్ళుగా దాచండి. జేపెగ్ ఫైలును దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

రెండో మెట్టు: ఏరడం

బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కదిలిపోయినవీ, కళ్ళు మూసుకున్నవీ ముందు తీసేయండి. ఒకేలా ఉన్న పదింటిలో మంచిది ఒక్కటి ఉంచండి. నాలుగు వందల్లో నలభై మిగిలితే చాలు, దిద్దే పని పదో వంతు అవుతుంది.

మూడో మెట్టు: దిద్దడం

నోల్ సోదరుల సృష్టి అయిన ఫోటోషాప్‌ను అడోబి 1990లో విడుదల చేసింది. దానికి చందా కట్టడం ఇష్టం లేకపోతే గింప్, డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ అసలు ఫైలును ముట్టుకోవు, మీరు చేసిన మార్పులను సూచనలుగా విడిగా రాసుకుంటాయి. ఫోటోషాప్‌లోనైతే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వాడండి. నచ్చకపోతే ఆ పొర తీసేస్తే సరి.

ముందు వంకర సరిచేసి, అంచులు కత్తిరించండి. తర్వాత రంగు, ఆపైన వెలుగునీడలు, చిట్టచివర షార్పెనింగ్. హాల్లో లైట్ల వల్ల అందరూ పచ్చగా కనిపిస్తుంటే వైట్ బ్యాలెన్స్ పికర్‌తో తెల్లటి వస్తువు మీద క్లిక్ చేయాలి. పురోహితుడి పంచె ఉంది కదా అనుకోకండి, నీలిమందు పెట్టిన పంచె నిజంగా తెలుపు కాదు! తెల్ల కాగితమో, బూడిదరంగు గోడో మేలు. ఒక్క మనవి: మొహాలు తెల్లబరచకండి. మన పిల్లలు తమ ఒంటి రంగును ఫోటోల్లో ఉన్నదున్నట్టుగా చూసుకోవాలి.

అమ్మ ఆల్బంలో వెనక 1962 అని రాసిన గ్రూప్ ఫోటో ఒకటుంది. అందులో మా అమ్మమ్మ మొహం సగం వెలిసిపోయింది. మా అమ్మాయి దాని కాపీని ఏఐ టూల్‌లో పెడితే కళ్ళు, ముక్కు నిన్న తీసినంత స్పష్టంగా వచ్చాయి. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "బాగానే ఉందే తల్లీ, కానీ ఈవిడ మా అమ్మ కాదు" అంది. లేని వివరాన్ని ఆ టూల్ ఊహించి గీస్తుంది, గుర్తుపట్టి కాదు. కాపీ పక్కన పెట్టేశాం, అసలు స్కాన్ భద్రంగానే ఉంది. అందుకే గీతలు, మరకలు చెరపండి కానీ, మొహాల జోలికి పోకండి.

నాలుగో మెట్టు: పేర్లు రాయడం

ఆ ఫోటోలో పద్నాలుగు మంది ఉన్నారు. నాకు తెలిసినవాళ్ళు ముగ్గురే! మిగతావాళ్ళ పేర్లు, వరసలు అమ్మ చెబుతుంటే మా అమ్మాయి ఎడమ నుంచి కుడికి వరసగా టైపు చేసింది. ఈ సాఫ్ట్‌వేర్లలో క్యాప్షన్ రాసుకునే చోటు ఉంటుంది. తెలుగులోనే రాయవచ్చు. దాన్ని ఫైలుతోపాటే సేవ్ చేస్తే ఫోటో ఏ కంప్యూటర్‌కు వెళ్ళినా పేర్లు వెంట వెళతాయి.

ఐదో మెట్టు: పంచడం

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది కాబట్టి అది పంచుకోవడానికే, దాచుకోవడానికి కాదు. 3-2-1 సూత్రం గుర్తుంచుకోండి: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి మాత్రం ఇంటి బయట. హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో ఒక డిస్క్ ఉంచినా, క్లౌడ్‌లో పెట్టినా సరే.

ఈ సెలవుల్లో ఒక్క ఆల్బంతో మొదలుపెట్టండి. ఐదింటిలో నాలుగు మెట్లు వచ్చే ఏడాదైనా ఎక్కవచ్చు. పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్ళకు మాత్రం ఈ ఆదివారమే ఫోన్ చేయండి.