కణితిలోకి దారి తెరిచే బుడగ

1968లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ వైద్యులు రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా ఒక వింత దృశ్యాన్ని వెల్లడించారు. గుండె దాకా దూర్చిన గొట్టం గుండా రంగుమందు ఎక్కిస్తుంటే అల్ట్రాసౌండ్ చిత్రంలో ఒక్కసారిగా మబ్బు కమ్మింది. అది రంగు మహిమ కాదు. మందుతో పాటు లోపలికి చేరిన సన్నటి గాలిబుడగలు ధ్వనిని తిప్పికొట్టాయి.

ఆ బుడగలకు ఆయుష్షు బహు తక్కువ. వాటిని రక్తంలో బతికించడానికే మూడు దశాబ్దాలు పట్టింది. మొదట అల్బుమిన్ ప్రోటీను తొడుగు వేశారు. 1994లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్బునెక్స్ ఆ రకమే. లోపల మామూలు గాలే ఉండటంతో అదీ త్వరగా కరిగేది. తర్వాత రక్తంలో అంత తేలిగ్గా కరగని బరువైన వాయువులు నింపారు. 2001లో ఐరోపాలో వచ్చిన సోనోవ్యూలో కొవ్వుపొర చుట్టిన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ ఉంటుంది. ఆ బుడగ సగటు వెడల్పు 2.5 మైక్రాన్లు, ఎర్ర రక్తకణంలో దాదాపు మూడో వంతు. అందుకే ఎంత సన్నని నాళంలోకైనా వెళ్తుంది. పని ముగిశాక వాయువు ఊపిరితో బయటికి పోతుంది.

అన్నాళ్లూ దాని ఉద్యోగం చూపించడమే. రొమ్ము కణితి దగ్గర ఇప్పుడు దానికి మరో పని పడింది.

కణితి రక్తనాళాలు అనుమతి లేని కాలనీలో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న నీళ్ల పైపుల్లాంటివి. వంకరటింకర, ఎక్కడపడితే అక్కడ కారుతుంటాయి. కారిన ద్రవం చుట్టూ పేరుకుని నాళాలనే నొక్కేస్తుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి హార్వర్డ్‌లో స్థిరపడిన రాకేశ్ జైన్ దశాబ్దాలుగా తవ్విన విషయం ఇదే. రక్తం అందని చోటికి కీమో మందూ అందదు. రేడియేషన్‌కూ అదే చిక్కు: ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే మోతాదు రెండున్నర నుంచి మూడు రెట్లు కావాలి. బుడగకు పడిన కొత్త పని అక్కడికి కాసేపు రక్తం పెంచడమే. క్యాన్సర్‌కు రక్తం పెంచడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ కాసేపు పెరిగిన రక్తమే చికిత్సను లోపలికి మోసుకెళ్తుంది.

ధ్వని తగిలితే బుడగ సెకనుకు లక్షలసార్లు ఉబ్బి కుదించుకుపోతుంది. ఆ కదలికకు నాళం లోపలి పొర స్పందించి ఏటీపీ, నైట్రిక్ ఆక్సైడ్ అనే రసాయనాలను విడుదల చేస్తుంది. నాళం వెడల్పవుతుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్ పరిశోధకులు 2017లో కండరాల్లో ఈ గొలుసును నిరూపించారు. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయ బృందం మరో మెట్టు ఎక్కింది. బుడగల్లోనే ఆక్సిజన్ నింపి, రొమ్ము కణితులున్న ఎలుకలకు ఎక్కించి, కణితి దగ్గర అల్ట్రాసౌండ్‌తో చిట్లించారు. కణితిలో ఆక్సిజన్ పెరిగింది. వెంటనే ఇచ్చిన రేడియేషన్ మరింత బలంగా పనిచేసిందని 2018లో ప్రచురించారు.

అయితే ధ్వని తీవ్రత పెంచితే కథ తిరగబడుతుంది. అదే బుడగ నాళాన్ని గాయపరిచి రక్తాన్ని ఆపేస్తుంది. టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రి వైద్యులు ఆ గుణాన్నే కావాలని వాడుకుంటూ, రేడియేషన్‌కు తోడుగా రొమ్ము క్యాన్సర్ రోగులపై పరీక్షించారు. ఒకరు నాళం తెరవాలంటారు, ఒకరు దెబ్బతీయాలంటారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే ఆయుధం కావడం ఈ రంగంలో నిజంగా ఉత్కంఠ రేపే సంగతి.

మనుషుల్లో ఆశ పుట్టించిన ఫలితం నార్వే నుంచి వచ్చింది. బెర్గెన్‌లో 10 మంది క్లోమ క్యాన్సర్ రోగులకు జెమ్‌సైటబిన్ అనే కీమో మందుతో పాటు బుడగలు, అల్ట్రాసౌండ్ ఇచ్చారు. మధ్యగత జీవితకాలం 17.6 నెలలు. అంతకుముందు మందు మాత్రమే తీసుకున్నవారిలో అది 8.9 నెలలు. పదిమందే, అదీ పాత రికార్డులతో పోలిక కాబట్టి దీన్ని రుజువు అనలేం. పెద్ద పరీక్షలు జరగాల్సిందే.

రొమ్ము కణితిలో ఎంత తీవ్రత, ఎంతసేపు, రేడియేషన్‌కు ఎన్ని నిమిషాల ముందు అన్నదే అసలు లెక్క. ఆ లెక్క తేల్చే సాధనమూ బుడగే. ఒక గట్టి ధ్వని తరంగంతో కణితిలోని బుడగలన్నిటినీ చిట్లగొట్టి, కొత్తవి ఎంత వేగంగా వచ్చి నిండుతున్నాయో చూస్తే రక్తప్రవాహం తెలుస్తుంది. గుండె కండరంలో ఈ కొలత 1998 నుంచే ఉంది. అంటే నాళం తెరుచుకుందో లేదో రోగి బల్ల మీద ఉండగానే వైద్యులు తెరపై చూసుకోవచ్చు.