మెప్పించని వాటిని వర్ణించే మాటలు

చప్పన, పేలవం, సాదాసీదా, నాసిరకం, అంతంతమాత్రం, నిస్సారం, చవకబారు, ఊకదంపుడు. మన మనసుకు ఎక్కని వస్తువును గురించో, సినిమాను గురించో, ఉపన్యాసాన్ని గురించో చెప్పేటప్పుడు ఈ మాటలు వాడుతుంటాం. పుస్తక సమీక్ష రాయమన్నప్పుడు చాలామంది విద్యార్థులు వీటిని ఒకదాని బదులు మరొకటి వాడేస్తారు. అన్నీ ‘బాగాలేదు’ అనే అర్థాన్నే ఇస్తాయని వారి అభిప్రాయం. కానీ వాడుకలో ఇవి పర్యాయపదాలు కావు. ఆ వస్తువులో లోపించినది ఏమిటో ఒక్కో మాట ఒక్కో విధంగా చెబుతుంది. లోపమేమిటో తేల్చుకోకుండా మాట వాడితే తీర్పు తప్పుతుంది. ఆ తప్పు ఖరీదు ఎదుటివారు చెల్లించవలసి రావచ్చు.

మంగళగిరి చీరను ఉదాహరణగా తీసుకుందాం. విజయవాడకు దగ్గరలోని ఈ ఊరు చేనేతకు ప్రసిద్ధి. ఇక్కడి చీరలకూ వస్త్రాలకూ భౌగోళిక గుర్తింపు లభించింది. గుంటమగ్గం మీద నేసే ఈ నూలు చీర ఒంటిమీద సంప్రదాయంగా బుటాలుగాని, బొమ్మలుగాని ఉండవు. అందమంతా ఒత్తుగా పడిన నేతలోను, నిజాం అంచుగా పేరు పొందిన జరీ అంచులోను ఉంటుంది. ఇలాంటి చీరను చూసి ఒకరు ‘సాదా చీర’ అన్నారనుకోండి. అది వర్ణన మాత్రమే. ‘సాదాసీదాగా ఉంది’ అంటే విలువను కొంచెం తగ్గించినట్టు. ‘చప్పగా ఉంది’ అంటే చూసినవారికి ఉత్సాహం కలగలేదని అర్థం. ‘నాసిరకం’ అన్నారా, అది ఆరోపణే అవుతుంది. నూలు మంచిది కాదనో, రంగు నిలవదనో, నేత పలచగా ఉందనో చెప్పినట్టు.

‘చప్పగా ఉంది’ అనేది చూసే కంటికి సంబంధించినది. ‘నాసిరకం’ అనేది నేసిన చేతికి సంబంధించినది. బొమ్మలు లేవన్న కారణంతో ఒత్తుగా నేసిన చీరను నాసిరకం అంటే, నేతగాడు కావాలని ఎంచుకున్న పద్ధతినే తప్పుగా లెక్కకట్టినట్టు. బేరం సమయంలో ఆ ఒక్క మాట నేరుగా ధర మీద పడుతుంది. ఉతకగానే రంగు దిగే గుడ్డ, పోగులు పక్కకు జరిగిపోయే గుడ్డ నిజంగా నాసిరకమే. వాటికి ఆ మాట వాడవలసిందే.

ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో గమనిస్తే తేడా ఇంకా తేటపడుతుంది. చప్పన వంటింటి మాట. ఉప్పూకారం లేని తిండి చప్పిడి తిండి. అందుకే ఒక కథను చప్పగా ఉందన్నప్పుడు, తినడానికి పనికొచ్చేదే అయినా రుచి తగల్లేదని చెబుతున్నాం. (చప్పగా వేరు, చప్పున వేరు. రెండోదానికి త్వరగా అని అర్థం. జవాబు పత్రాల్లో ఈ పొరపాటు తరచు కనిపిస్తుంది.)

డెల్టా వరిపొలాల భాష ఇంతకన్నా కఠినం. పాలుపోసుకోని వరిగింజ తాలు. పైకి గింజలాగే ఉంటుంది, లోపల బియ్యం ఉండదు. పొల్లు కూడా అలాంటిదే. అచ్చు చేరని హల్లును ‘నకారపొల్లు’ వంటి పేర్లతో పిలవడం మీకు తెలిసినదే. ఇక ఊకను ఎంత దంచినా బియ్యం రావు కదా, ఎంతసేపు విన్నా విషయం దొరకని ప్రసంగాన్ని ఊకదంపుడు అన్నది అందుకే. చప్పని ప్రసంగంలో విషయం ఉండవచ్చు. ఊకదంపుడు ప్రసంగంలో అదే ఉండదు.

‘పేలవం’ కథ వేరు. సంస్కృతంలో పేలవమంటే సుకుమారమైనది, సన్ననిది. తెలుగు వాడుకలో ఆ సన్నదనం బలహీనతగా మారింది. ‘పేలవమైన ముగింపు’ అంటే బరువు చాలని ముగింపు. ‘బోసి’ అనేది ఉండవలసినది లేకపోవడం: బోసి నోరు, బోసి మెడ. జనం రాని సభ బోసిపోతుంది గాని పేలవం కాదు. వక్త ఎంత బాగా మాట్లాడినా సభ బోసిపోవచ్చు. సాదా, మామూలు, ఫర్వా అనేవి పారసీ, అరబీ భాషల నుంచి వచ్చి మన నోట స్థిరపడ్డాయి. వీటిలో నింద తక్కువ, ఉదాసీనత ఎక్కువ.

ప్రత్యేకమైన మాటేదీ లేకుండానే మెప్పును తగ్గించే పద్ధతి కూడా తెలుగులో ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే సూక్ష్మమైనది అదే. ఈ సంభాషణ చూడండి.

“కొత్త చీర ఎలా ఉంది వదినా?”

“బాగానే ఉందమ్మా.”

‘బాగుంది’ అంటే మెచ్చుకోలు. మధ్యలో ‘నే’ చేరేసరికి అది ఒప్పుకోలుగా మారింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, కానీ ఆడపడుచు ఎదురుచూసిన సంతోషం ఆ జవాబులో లేదు. మాట తీరును బట్టి, ముఖకవళికలను బట్టి ఈ ‘నే’ అర్థం మారుతుంది కూడా. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే ‘బాగానే ఉంది’ అనడంలో ఏ లోటూ లేదు. రాతలో స్వరం వినపడదు కాబట్టి సమీక్షలో ‘నవల బాగానే ఉంది’ అని రాసి వదిలేయకండి. ఏది బాగుందో, ఏది చాలలేదో తరువాతి వాక్యంలో చెప్పండి.

అభ్యాసం

ఈమధ్య మీకు నచ్చని ఒక వస్తువునో, పాటనో, సభనో తీసుకోండి. అందులో లోపించినది రుచా, సారమా, బలమా, నాణ్యతా, నిండుదనమా? తగిన మాట ఎంచుకుని అయిదు వాక్యాలు రాయండి. తరువాత అదే చోట ‘నాసిరకం’ అనే మాట పెట్టి చదవండి. దానిని తయారుచేసినవారు మీ ఎదుటే ఉంటే, ఆ మాటను సమర్థించడానికి ఏ ఆధారం చూపగలరో రెండు వాక్యాల్లో రాయండి.