ప్రచ్ఛన్న వీరుడు – చిత్రకథన రీతి: కిరాతార్జునీయం నుండి ‘వాచ్‌మెన్’ వరకు

కడప సీమలో పినాకినీ తీరమందలి పుష్పగిరి ఆలయాల గోడలపై రామాయణ భారత ఘట్టాలు శిల్పాలుగా నిలిచి ఉన్నవి. ఖాజీపేట, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల భక్తులకు అవి తరతరాలుగా పరిచితమైనవి. అయితే శిల్పాన్ని చూచుట వేరు, చదువుట వేరు. విల్లు పట్టిన ఇద్దరు పురుషులు ఎదురుబొదురుగా నిలిచినట్లు ఒక ఫలకం ఉన్నదనుకొందము. కథ తెలియనివానికి వారిద్దరు విలుకాండ్రు మాత్రమే. తెలిసినవానికి వారిలో ఒకడు అర్జునుడు, రెండవవాడు బోయ వేషం ధరించిన పరమశివుడు. రెండవవాని వేషం ఎదుటివానిని మోసగించవలెను గాని చూపరిని మోసగించరాదు. ఈ రెండింటిని ఒకే రూపంలో సాధించుట ఎట్లు? ఇది చిత్రకారునికీ శిల్పికీ ఎదురయ్యే చిక్కు ప్రశ్న.

ఇరువదవ శతాబ్దిలో పాశ్చాత్య దేశాలలో ప్రబలిన సూపర్ హీరో బొమ్మల కథలకు మూలబలం కూడ ఈ ప్రశ్నయే. అతిమానుష శక్తి గలవాడు సామాన్యుని వేషంలో జనుల మధ్య సంచరించుట ఆ కథలలో పెక్కింటికి సామాన్య లక్షణం. ప్రచ్ఛన్న వీరుని చిత్రంలో చూపే విధానాన్ని ఆధారంగా గైకొని, మన కిరాతార్జున కథను, ఆ జాతి గ్రాఫిక్ నవలలలో ప్రసిద్ధమైన ‘వాచ్‌మెన్’ను సరిపోల్చి చూచుట ఈ వ్యాసోద్దేశం. ఒకటి మరొకదానికి మూలమని చెప్పుట ఇందలి అభిప్రాయం కాదు.

గ్రాఫిక్ నవల – స్వరూపం

బొమ్మలనే వరుసగా పేర్చి, వాటి నడుమ మాటలను చేర్చి, ఒక సమగ్రమైన కథను గ్రంథ ప్రమాణంలో చెప్పునది గ్రాఫిక్ నవల. విల్ ఐస్నర్ 1978లో ప్రకటించిన ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ అను గ్రంథంతో ఈ పేరుకు విశేష ప్రచారం కలిగినది. తెలుగు పాఠకునికి బొమ్మతో కూడిన కథ కొత్తది కాదు. 1947 జులైలో ఆరంభమైన ‘చందమామ’లో వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వంటి చిత్రకారుల బొమ్మలు కథకు తోడుగా నిలిచినవి. అయితే అక్కడ కథను నడిపినది వచనమే. బొమ్మ ఒక ఘట్టాన్ని కన్నులకు కట్టించినది. అనంత్ పాయ్ 1967లో ఆరంభించిన ‘అమర చిత్రకథ’ పుస్తకాలలో బొమ్మయే కథను నడుపును.

ఇట్టి రచనలో మూడు అంగాలు ప్రధానమైనవి. మొదటిది గడి. కాలప్రవాహంలో ఒక క్షణాన్ని పట్టి నిలుపునది అది. రెండవది గడికీ గడికీ నడుమ గల సందు. ఒక గడిలో ఎత్తిన కత్తి, మరు గడిలో నేలబడిన దేహం కనిపించినచో, వేటు పడిన క్షణం ఎక్కడా చిత్రింపబడకున్నను పాఠకుడు దానిని తానే ఊహించుకొనును. స్కాట్ మెక్లౌడ్ 1993 నాటి తన గ్రంథంలో ఈ కళకు ఈ సందే ప్రాణమని వివరించెను. చెప్పని దానిని సహృదయుడు గ్రహించుట మన ఆలంకారికులకు సుపరిచితమైన విషయమే గనుక, ధ్వని సిద్ధాంతం చదివినవానికి ఈ మాట వింతగా తోచదు. మూడవది అక్షరం. సంభాషణ మాటల బుడగలలోను, కథకుని పలుకు గడి అంచున గల పట్టీలలోను ఉండును.

కిరాతవేషం – కావ్యంలో

మహాభారత వనపర్వంలోని కైరాత ఘట్టం అందరెరిగినదే. పాశుపతాస్త్రం కోరి అర్జునుడు తపస్సు చేయును. మూకుడను దానవుడు వరాహ రూపంలో అతనిపైకి వచ్చును. శివుడు కిరాతుడై, ఉమాసహితుడై అక్కడికి చేరును. ఇద్దరి బాణాలు ఏకకాలంలో వరాహాన్ని తాకును. వేట ఎవరిదన్న వివాదం యుద్ధంగా మారును. అర్జునుని అస్త్రబలం అంతయు వ్యర్థమగును.

ఇక్కడ శ్రోతకు మొదటినుండి సర్వమూ తెలియును. తెలియనివాడు అర్జునుడొక్కడే. కథలోని ఉత్కంఠ ‘కిరాతుడెవరు’ అన్నది కాదు, ‘అర్జునుడు ఎప్పుడు గుర్తించును’ అన్నది. మూలంలో ఆ గుర్తింపు ఒక దృశ్యం ద్వారా కలుగును. అలసిన అర్జునుడు మట్టితో శివుని చేసి పూలమాల సమర్పించును. ఆ మాల కిరాతుని శిరస్సుపై కనిపించును. ఒక్క మాటయైన పలుకకుండ రెండు రూపాలు ఒకటేయని మాల నిరూపించినది. ఒక గడిలో ప్రతిమపై ఉన్న మాల మరు గడిలో కిరాతుని తలపై ఉన్నట్లు దీనిని చిత్రించినచో వేరు వ్యాఖ్య అక్కరలేదు.

634 నాటి ఐహోళె శాసనంలో పేర్కొనబడిన భారవి, ఈ కథనే పదునెనిమిది సర్గల మహాకావ్యంగా రచించెను. అతడు గుర్తింపును వేరొక విధంగా నడిపించెను. మల్లయుద్ధంలో పైకెగసిన కిరాతుని పాదాలను అర్జునుడు పట్టుకొనగా, శివుడు ప్రీతుడై అతనిని కౌగిలించి నిజరూపం చూపును. శత్రువును పడద్రోయుటకై పట్టిన పట్టే పాదగ్రహణమైనది. ఈ కావ్యానికి ‘ఘంటాపథ’ వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడగుట, ఈ కథ నన్నయ ఆరణ్యపర్వ భాగంలోను, శ్రీనాథుని ‘హరవిలాసం’లోను చేరుట గమనించినచో తెలుగునాట దీనికి గల వ్యాప్తి స్పష్టమగును.

కిరాతవేషం – శిల్పచిత్రాలలో

కవికి ‘శివుడు కిరాతుడాయెను’ అని చెప్పు సౌలభ్యం ఉన్నది. శిల్పికి లేదు. అందువలన శిల్పశాస్త్ర సంప్రదాయం లక్షణాలను ఆశ్రయించినది. కిరాతార్జునమూర్తిని త్రినేత్రునిగా, జటామకుటధారిగా, ధనుర్బాణాలతో పాటు పరశువును మృగాన్ని ధరించినవానిగా, ప్రక్కన గౌరితో, ఎదుట అంజలి ఘటించిన అర్జునునితో మలచు విధానం ఉన్నది. విల్లు వేషానికి గుర్తు, మూడవ కన్ను నిజానికి గుర్తు. రెండును ఒకే దేహంపై నిలుచుటచే చూపరికి కవి చెప్పవలసిన మాట శిల్పమే చెప్పినట్లగును.

లేపాక్షి వీరభద్రాలయంలో ఈ కథ వర్ణచిత్రాలుగా విస్తరించినది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో విరూపణ్ణ ఈ ఆలయ నిర్మాణం చేయించినట్లు ప్రసిద్ధి. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ఆలయపు మండపం కప్పుపై కథాచిత్రాలు పొడవైన పట్టెలుగా సాగును. అర్జునుని తపస్సు, వరాహవధ, ద్వంద్వయుద్ధం, పాశుపత ప్రదానం క్రమంగా వచ్చును. ఒకే పట్టెలో ఒకే వ్యక్తి పలుమార్లు కనిపించును. వీరు పలువురు కారు, పలు క్షణాలలోని ఒక్కడే. ఈ సంగతి తెలియక చూచినవానికి అది జనసమ్మర్దంగా తోచును. తెలిసినవాడు తల పైకెత్తి, కాలు కదుపుచు, నడకతో కథను చదువును. గ్రాఫిక్ నవలలో పుట త్రిప్పుట ఏ పని చేయునో ఇక్కడ చూపరి అడుగు ఆ పని చేయును.

శ్రీకాళహస్తి కలంకారీ తెరలలో ఈ విధానం మరింత స్పష్టపడినది. మధ్య ఒక పెద్ద చిత్రం, చుట్టును వరుసలుగా చిన్న చిత్రాలు, వాటి అంచు పట్టీలలో తెలుగు అక్షరాలతో ఘట్ట వివరణ ఉండుట ఆ తెరల పద్ధతి. ఇక్కడ అక్షరం చిత్రానికి నమ్మకమైన సేవకుడు. చిత్రంలో ఉన్నవాడెవడో అదే చెప్పును, సందేహం తీర్చును.

‘వాచ్‌మెన్’ – తారుమారైన నియమం

జెర్రీ సీగెల్, జో షుస్టర్‌లు సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో వెలువడెను. పత్రికా విలేఖరిగా కళ్ళద్దాలు ధరించిన క్లార్క్ కెంట్, ఆకాశంలో ఎగిరే వీరుడు ఒక్కడేయని పాఠకునికి తెలియును. తోటి పాత్రలకు తెలియదు. అనగా ఇది కిరాతుని నియమమే. వేషం పాత్రలకు తెర, పాఠకునికి గాజు.

ఈ నియమాన్ని తారుమారు చేసిన గ్రంథం ‘వాచ్‌మెన్’. అలన్ మూర్ రచన, డేవ్ గిబ్బన్స్ చిత్రణ, జాన్ హిగిన్స్ వర్ణలేపనంతో డీసీ కామిక్స్ సంస్థ 1986–87లో 12 సంచికలుగా దీనిని ప్రకటించినది. 1988లో హ్యూగో పురస్కారం పొందినది. ‘టైమ్’ పత్రిక 2005లో ప్రకటించిన నూరు ఉత్తమ ఆంగ్ల నవలల పట్టికలో చేరినది. పుటలో మూడు వరుసలు, వరుసకు మూడు చొప్పున తొమ్మిది సమాన గడులు దీనికి మూలకొలత. గడుల పరిమాణం మారకుండుటచే లయ స్థిరపడును. అవసరమైనచోట రెండు మూడు గడులు కలిసి ఒకటైనప్పుడు ఆ క్షణానికి బరువు కలుగును.

ఇందు రోర్షాక్ అనువాడు ముసుగు వీరుడు. అతని ముసుగుపై నల్లని మరకలు సౌష్ఠవంగా ఆకృతులు మార్చుకొనుచుండును. స్విట్జర్లాండు మనోవైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో ప్రకటించిన సిరామరకల పరీక్ష నుండి ఈ పేరు గైకొనబడినది. నవల మొదటి పుటలో గడుల అంచు పట్టీలపై ఇతని దినచర్య వాక్యాలు సాగుచుండును. క్రింద చిత్రంలో నెత్తుటి మరకను త్రొక్కుచు, ప్రళయం సమీపించినదని చాటు పలకను మోయుచు ఒక బాటసారి నడచిపోవును. పాఠకుడు అతనిని లెక్క చేయడు. పిదప అనేక పర్యాయాలు ఆ పలక మోయువాడు వీధులలో కనిపించుచునే ఉండును. ఐదవ సంచిక చివర రక్షకభటులు రోర్షాక్ ముసుగు తొలగించినప్పుడు కనిపించిన ముఖం ఆ బాటసారిదే. మొదటి పుటలోని అక్షరాలూ బొమ్మా ఒకే వ్యక్తివని అప్పుడు గాని తెలియదు.

ఇక్కడి భేదం గమనింపదగినది. కలంకారీ తెరలో అక్షరం చిత్రాన్ని వెల్లడించినది. ‘వాచ్‌మెన్’లో అక్షరం ప్రక్కనే ఉండి చిత్రాన్ని మరుగుపరచినది. కిరాతార్జునంలో మోసపోయినవాడు అర్జునుడు. ఇక్కడ మోసపోయినవాడు పాఠకుడే. అయినను చిత్రకారుడు అబద్ధమాడలేదు. ఆ ముఖాన్ని ఆదినుండి బహిరంగంగానే చూపినాడు. ముసుగు గలవానినే వీరుడని నమ్మి, ముసుగు లేనివానిని లెక్కచేయక పోవుట పాఠకుని లోపమని పుటలు వెనుకకు త్రిప్పినప్పుడు అతనికే బోధపడును.

సామ్యబంధం

ఐదవ సంచికలో మరొక విశేషం కలదు. దాని పుటల అమరిక మధ్యనుండి ఇరువైపులకు అద్దంలో ప్రతిబింబం వలె సాగును. మొదటి పుటకు చివరి పుట, రెండవదానికి చివరినుండి రెండవది ప్రతిరూపాలు. సంస్కృత విద్యార్థికి దీనిని చూడగానే భారవి పదునైదవ సర్గ స్ఫురింపక మానదు. ఆ యుద్ధ సర్గలో ఏకాక్షర శ్లోకంతో పాటు సర్వతోభద్ర బంధం ఉన్నది. ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలను గడులలో వ్రాసినచో, ఎటునుండి చదివినను అదే పాఠం వచ్చును.

మమ్మటుడు ఇట్టి చిత్రకావ్యాన్ని అవర కావ్యంగా, ఉత్తమ మధ్యమాల తరువాతి మెట్టున నిలిపెను. వ్యంగ్యార్థానికి చోటు లేని కూర్పు పాండిత్య ప్రదర్శనం మాత్రమేయని ఆ తీర్పు సారం. ఈ కొలతతో చూచినచో గిబ్బన్స్ పుటల అమరిక ఎక్కడ నిలుచును? అది ముసుగుపైని మరకల సౌష్ఠవాన్ని తలపించును. ఆ సౌష్ఠవం పూర్తియగు చివరి పుటలోనే ముసుగు తొలగును. ఆకృతి అర్థాన్ని మోయుచున్నది గనుక దానిని వట్టి బంధచిత్రమని త్రోసివేయుటకు వీలుకాదు. మరల ఈ దృష్టితో భారవిని చూచినచో, ఎటు చదివినను ఒకటిగానే నిలుచు ఆ శ్లోకానికి, ఎవరికెవరు తీసిపోని ఆ యుద్ధానికి గల సంబంధం కూడ ఆలోచింపదగినదగును.

ఉపసంహారం

కిరాతవేషం తొలగినప్పుడు భక్తునికి దైవం లభించినది, కోరిన అస్త్రం లభించినది. రోర్షాక్ ముసుగు తొలగినప్పుడు కనిపించినది ఒంటరియైన ఒక సామాన్య మానవుడు. శక్తి వెనుక పరమేశ్వరుడు ఉన్నాడన్న విశ్వాసం మొదటి కథకు ఆధారం. శక్తి వెనుక ఎవడున్నాడో విచారింపక నమ్మరాదన్న సందేహం రెండవ కథకు ఆధారం. వేషమొక్కటే అయినను ఫలితాలు భిన్నమైనవి.

చదివించు విధంలోను భేదం కలదు. గ్రాఫిక్ నవల తన పాఠకుని తన పుటలలోనే తయారు చేసుకొనును, మరల మొదటి పుటకు పంపి చదువు నేర్పును. లేపాక్షి చిత్రం అట్లు చేయదు. కథ తెలిసిన చూపరి వచ్చునన్న నమ్మకంతోనే అది చిత్రింపబడినది. అక్కడి రంగులు కొన్నిచోట్ల వెలిసినవి. పురావస్తు శాఖ సంరక్షణ రంగులను కాపాడగలదు గాని చదువరిని సృష్టింపలేదు. కథ మరచిన తరానికి ఆ కప్పుపై మిగులునది ఇద్దరు వేటగాండ్రు, ఒక పంది మాత్రమే. గడులను, వాటి నడుమ సందులను చదువుట బొమ్మల పుస్తకాల ద్వారా అలవరచుకొన్న నేటి విద్యార్థికి చిత్రాన్ని చదువు నేర్పు ఇప్పటికే చేతిలో ఉన్నది. అతనికి కావలసినది కథ. వనపర్వం, హరవిలాసం పాఠం చెప్పునప్పుడే విద్యార్థులను పుష్పగిరికి, లేపాక్షికి కొనిపోయి ఆ గోడల యెదుట నిలిపినచో, ఆ నేర్పు ఈ కథ ఒకచోట కలియును.