పిడికెడు బియ్యం, 60 రోజులు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

 

నేను డాలస్ దగ్గర ఉంటాను. ఐటీ కన్సల్టెంట్‌ని. ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వేలమంది తెలుగువాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఈ వారం "కుటుంబ జీవితంలో విశ్వాసం, కృతజ్ఞత" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను పాస్టర్‌ని కాదు, వేదాంతం చదువుకోలేదు. డేటాబేసుల గురించి అడిగితే ధైర్యంగా చెప్పేదాన్ని. అందుకని మా ఇంట్లో జరిగిన సంగతే చెప్తూ, మధ్యలో నాకు తెలిసినంత వివరిస్తాను. క్రైస్తవులు కాని శ్రోతలకి కొన్ని మాటలు కొత్తగా ఉండొచ్చు. వాటి అర్థం కూడా చెప్తాను.

ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమంది మీ అమ్మకి ఎప్పుడైనా "కృతజ్ఞతలు" అని చెప్పారు? చెప్తే "ఏంట్రా, జ్వరం గానీ వచ్చిందా?" అని నుదురు పట్టుకు చూస్తుంది. మన ఇళ్ళలో ఆ మాట నోటితో అనే అలవాటు తక్కువ. వేరే దారుల్లో చెప్తాం. తిని లేచేటప్పుడు "అన్నదాతా సుఖీభవ" అనే పెద్దవాళ్ళు ఉన్నారు. ఊరెళ్ళేటప్పుడు కాళ్ళకి దణ్ణం పెడతాం. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఇదే గుణం ఇంకో రూపంలో ఉంటుంది. భోజనానికి ముందు చిన్న ప్రార్థన, రాత్రి పడుకునే ముందు కుటుంబ ప్రార్థన. పిల్లవాడు పదో తరగతి పాసైనా, కొత్త ఇంట్లో చేరినా, ఆపరేషనయ్యి క్షేమంగా ఇంటికొచ్చినా "కృతజ్ఞత కూడిక" పెడతారు. అంటే బంధువుల్నీ సంఘం వాళ్ళనీ పిలిచి, పాటలు పాడి, జరిగిన మేలు అందరిముందూ చెప్పి, భోజనం పెట్టడం. ఆ చెప్పడాన్ని "సాక్ష్యం" అంటారు.

పల్లెటూరి సంఘాల్లో కోత పండుగ కూడా ఉంది. పంట ఇంటికొచ్చాక మొదటి భాగం గుడికి తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు కూడా వస్తాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మా నాన్న ఒకసారి పది రూపాయల సొరకాయని నూటయాభైకి పాడారు. అమ్మ దారి పొడుగునా సణిగింది. నాన్న మాత్రం ఆ సొరకాయని చంకలో పెట్టుకుని మహా గర్వంగా నడిచారు.

వీటన్నిట్లో నాకు బాగా గుర్తుండిపోయింది పిడికెడు బియ్యం. మా నాయనమ్మది ఒంగోలు దగ్గర పల్లె. అన్నానికి బియ్యం కొలిచాక, ఎసట్లో వెయ్యకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. తెలుగు సంఘాల్లో చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని ఇది. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో కూలి చేసుకునే ఆడమనిషి కూడా ఇవ్వగలిగిన కానుక అది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పిడికెడు మిగిలిపోయిన అన్నంలోంచి తీసేది కాదు. వండకముందే తీసేది.

మా ప్రాంతంలో ఈ అలవాటు వెనక ఆకలి చరిత్ర కూడా ఉంది. 1876-78 మధ్య దక్షిణ భారతాన్ని పెద్ద కరువు పట్టి పీడించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పనీ కూలీ దొరికేట్టు చేశాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరి చివర ఉంచబడినవాళ్ళు. కరువు సాయం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. సాయం పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా వాళ్ళు ఆ రోజు అక్కడ ఉన్నారో లేదో నాకు తెలిసే దారి లేదు. కానీ గింజ విలువ తెలిసినవాళ్ళ చేతుల్లోంచి వచ్చిన అలవాటు ఇది. అందులో కడుపు నిండినవాళ్ళ మర్యాద లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

2023 జనవరిలో నా ఉద్యోగం పోయింది. పొద్దున్న పదిగంటలకి పదిహేను నిమిషాల వీడియో కాల్, పదిన్నరకి లాప్‌టాప్ లాక్ అయిపోయింది. మా ఇంట్లో హెచ్‌వన్ నాది. మా ఆయన, మా పాప వీసాలు నా మీదే ఆధారపడి ఉన్నాయి. బాబు ఇక్కడే పుట్టాడు. హెచ్‌వన్ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యడానికో, సర్దుకుని వెళ్ళిపోవడానికో 60 రోజుల వరకూ గడువుంటుంది. 2017 నుంచి ఉన్న నిబంధన. దానికి వాడుకలో ఉన్న పేరు "గ్రేస్ పీరియడ్". మన బైబిల్లో గ్రేస్ అంటే కృప. కాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ దాన్ని "కృపా కాలం" అనుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది.

మొదటివారం బాగానే ప్రార్థన చేశాం. రెండోవారానికి నాకు నోరు పెగల్లేదు. భోజనాల దగ్గర "ప్రభువా, నీకు స్తోత్రం" అనబోతే గొంతులో ఏదో అడ్డం పడేది. అబద్ధం చెప్తున్నట్టుండేది. ఒకరోజు మాట్లాడకుండా గరిటె తీసి వడ్డించడం మొదలెట్టాను. ఏడేళ్ళ మా పాప కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుని, "అమ్మా, జాబ్ లేకపోతే థాంక్స్ చెప్పక్కర్లేదా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే రూలు ఏమిటో తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం ఇంకో దెబ్బ తగిలింది. మా సంఘంలో ఒకతను లేచి, గ్రీన్ కార్డ్ వచ్చిందని సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నన్ను మర్చిపోలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ అనుకున్నాను, మరి నన్ను మర్చిపోయాడా? వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి తల దించుకున్నాను. నాకు హెచ్‌వన్ లాటరీలో పేరు వచ్చిన ఏడాది నేనూ సరిగ్గా ఇలాంటి సాక్ష్యమే చెప్పాను. ఆ రోజు నా పక్కవరసలో, మూడోసారి కూడా లాటరీ తగలని అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె మొహం నేను చూడలేదు.

లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు ఒక కథ చెప్తాడు. దేవాలయంలో ఒక పరిసయ్యుడు నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్తాడు. ఎందుకంటే తాను ఇతరుల్లాంటివాడు కానందుకు. గమనించండి, అది కూడా కృతజ్ఞతా ప్రార్థనే. పైకి చూస్తే లోపం కనపడదు. కానీ అందులో పక్కవాణ్ణి మెట్టుగా చేసుకుని ఎక్కడం ఉంది. విదేశాల్లో ఉన్న మనకి ఇది సులువుగా పట్టుకునే జబ్బు. "వాళ్ళకి రాలేదు, మనకొచ్చింది, దేవుడి దయ" అంటాం. అది లెక్కలు చూసుకోవడం. దాన్ని కృతజ్ఞత అనుకుని మోసపోతాం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. "స్తోత్రం చెప్పలేకపోతున్నానమ్మా" అన్నాను. అమ్మ ఉపదేశాలేమీ చెయ్యలేదు. "చెప్పలేకపోతే ఏడవ్వే. కీర్తనల గ్రంథం తీసి చూడు, సగం ఏడుపులేగా" అంది.

అమ్మ లెక్క మరీ తప్పేం కాదు. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో సుమారు మూడోవంతు విలాపాలని పండితులు చెప్తారు. 13వ కీర్తన ఎంతకాలం మరచిపోతావని దేవుణ్ణే నిలదీస్తూ మొదలై, ఆరు వచనాల్లో పాటతో ముగుస్తుంది. 88వ కీర్తన అలా కూడా ముగియదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. ఏడుపుకి కూడా ప్రార్థనలో చోటుందన్నమాట.

ఇంకొక సంగతి. పౌలు థెస్సలొనీకయులకి రాసిన మొదటి పత్రిక చివర్లో కృతజ్ఞత గురించి ఒక మాట ఉంది. నేను చిన్నప్పట్నుంచీ దాన్ని "జరిగిన ప్రతిదాని కోసం" అని అర్థం చేసుకున్నాను. నిజానికి అక్కడున్నది "ప్రతి పరిస్థితిలో" అన్న అర్థం. "కోసం" వేరు, "లో" వేరు. ఉద్యోగం పోయినందుకు స్తోత్రం చెప్పమని నన్నెవరూ అడగట్లేదు. ఉద్యోగం పోయిన ఇంట్లో కూడా స్తోత్రం చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుందేమో వెతకమంటున్నారు.

క్రైస్తవ ఆరాధనకి మధ్యలో ఉండే ప్రభు రాత్రి భోజనం కూడా ఇదే చెప్తుంది. కొన్ని సంఘాలు దాన్ని యూకరిస్ట్ అంటాయి. ఆ గ్రీకు మాటకి అర్థం కృతజ్ఞత చెప్పడం. యేసు రొట్టె పట్టుకుని కృతజ్ఞత చెప్పింది అంతా బాగున్న పూట కాదు. శిష్యుడొకడు తనని పట్టిచ్చే రాత్రి, అతను అదే బల్ల దగ్గర ఉండగా. మేం నెలనెలా తీసుకునే ఆ రొట్టెముక్కలో ఇంత ఉందని నాకు ఆ ఫిబ్రవరిలోనే తెలిసింది.

మర్నాడు పాపకి జవాబు చెప్పాను. "జాబ్ పోయినందుకు థాంక్స్ చెప్పక్కర్లేదు. అది బాధే. బాధ అని దేవుడికి చెప్దాం. అన్నం ఉంది కదా, దానికి చెప్దాం." పాప కాసేపు ఆలోచించి "పప్పుకి కూడా" అంది. ఆ రాత్రి మా ప్రార్థన అంతే. అన్నం, పప్పు, బాధ.

తర్వాతి రోజు బియ్యం కడగబోతూ ఆగి, ఒక పిడికెడు తీసి ఖాళీ పెరుగు డబ్బాలో వేశాను. జీతం వచ్చే రోజుల్లో ఎందుకు తట్టలేదో మరి. నెలాఖరుకి డబ్బా నిండింది. దాంతోపాటు ఒక కొత్త బియ్యం సంచీ కొని దగ్గర్లోని ఫుడ్ ప్యాంట్రీలో ఇచ్చి వచ్చాం. లెక్కప్రకారం ఆ నెల మేం ఇచ్చేవాళ్ళం కాదు, దాచుకోవాల్సినవాళ్ళం. కానీ ఇంటికొస్తూంటే చాలారోజుల తర్వాత భుజాలు తేలికపడ్డాయి. పిడికిలి తెరిస్తే మనిషి భయం కూడా కొంచెం వదులుతుందని నాయనమ్మకి తెలిసే ఉంటుంది. చెప్పేది కాదు, చేసేది.

అప్పట్నుంచి మా ఇంట్లో రాత్రి ప్రార్థనలో మూడు మాటలు చెప్పుకుంటాం. ఇవాళ అందిన ఒక మేలు. మనకి మేలు చేసిన ఒక మనిషి. ఇవాళ్టి ఒక బాధ. రెండోదాని విషయంలో ఒక నియమం ఉంది. దేవుడికి చెప్పి ఊరుకోకూడదు, మర్నాడు ఆ మనిషికీ చెప్పాలి. మా బాబు స్కూల్ బస్ డ్రైవర్‌కి వరసగా నాలుగు రోజులు థాంక్స్ చెప్పాడు, వేరే ఎవరూ గుర్తురాక.

52వ రోజున నాకు పని దొరికింది. రేటు తక్కువ, కానీ గడువులోపే పిటిషన్ వేశారు. ఇది విని "చూశావా, ప్రార్థన ఫలించింది" అనకండి, దయచేసి. మా సంఘంలోనే నాతోపాటు ఉద్యోగం పోయిన ఇంకో కుటుంబం 60 రోజులూ నాకంటే గట్టిగా ప్రార్థన చేసి, సామానంతా అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోయింది. నాకు పని రావడం నా విశ్వాసానికి మార్కులైతే, వాళ్ళకి రాకపోవడాన్ని ఏమనాలి?

మేం కృతజ్ఞత కూడిక పెట్టాం. వాళ్ళు బయల్దేరే ముందు శనివారం, మా ఇంట్లోనే, వాళ్ళ కోసం. సాక్ష్యం చెప్పమంటే ఉద్యోగం మాట ఎత్తలేదు. ఆ రెండు నెలల్లో మాకు రెజ్యూమెలు దిద్దిపెట్టినవాళ్ళ పేర్లు, పిల్లల్ని చూసుకున్నవాళ్ళ పేర్లు చెప్పాను. అడక్కుండా గుమ్మం దగ్గర పులిహోర డబ్బా పెట్టి వెళ్ళిన మా ఎదురింటి గుంటూరు ఆంటీ పేరు చెప్పాను. ఆవిడ వెంకటేశ్వరస్వామి భక్తురాలు, మా ప్రార్థన అంతసేపూ చేతులు జోడించుకుని కూర్చున్నారు. లూకా 17వ అధ్యాయంలో బాగుపడిన పదిమంది కుష్ఠురోగుల్లో తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, వాడూ పరాయివాడైన సమరయుడే. ఆ కథ అర్థం కావాలంటే అలాంటి ఎదురిల్లు ఒకటుండాలి.

వెళ్ళేటప్పుడు ఆ చెల్లెలు మా వంటింట్లో డబ్బా చూసి, "ఇదేంటక్కా, ఇందులో ఇన్నే బియ్యం?" అంది. చెప్పాను. తన పిడికెడు కూడా వేసి వెళ్ళింది.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో ఏ దేవుడి పటం ఉన్నా, ఏ పటమూ లేకపోయినా, ఈ రాత్రి కంచం ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి.